మిల్లీమీటరు తేడా

సోమవారం పొద్దున్న శ్రీవిద్య వెనక తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి, పదకొండు రోజుల క్రితం పంపించిన పన్నెండు కంప్యూటర్లూ తిరిగొచ్చి ఉన్నాయి. ప్యాకింగ్ టేబుల్ పక్కన నేల మీద రెండు వరసలుగా పెట్టారు. అట్టపెట్టెల టేపు ఎవరో కోసి, మళ్లీ వంకరటింకరగా అంటించారు. వాటి ముందు చాముండేశ్వరి నిలబడి ఉంది. ఇంకా కోటు కూడా విప్పలేదు.

"అన్నీనా ఆంటీ?" అని అడిగింది శ్రీవిద్య.

"అన్నీ," అంది ఆవిడ.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో గ్రాండ్ రివర్ రోడ్డు మీద, ఒక కార్పెట్ల షాపు వెనకాల ఉంది ఆ షెడ్డు. కార్ల కంపెనీల ఇంజనీర్లకి కావలసిన పెద్ద పెద్ద కంప్యూటర్లని విడిభాగాలు తెప్పించి అక్కడ బిగిస్తారు. ఓనరు రాజీవ్. అతనూ, ఆఫీసులో ఇద్దరూ, వెనక షెడ్డులో ఈ ఇద్దరాడవాళ్లూ. కూలర్లు బిగించే పని వీళ్లిద్దరిదీ. కూలర్ అంటే ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని లాగేసేది. ప్రాసెసర్‌తో పాటు వచ్చే చిన్న ఫ్యాను ఈ కంప్యూటర్లు చేసే పనికి చాలదు. అందుకని వేరే కంపెనీ తయారుచేసినవి, ఇటుకకి రెండింతలుండేవి, అల్యూమినియం రేకులూ రాగి గొట్టాలూ ఉన్నవి తెప్పించి పెడతారు. అరవై ఒక్కేళ్ల చాముండేశ్వరి ఆ బరువుని ఎడమ చేత్తో గాల్లో పట్టుకుని, కుడి చేత్తో స్క్రూలు తిప్పుతుంది. ఒక పక్క ఒక చుట్టు, రెండో పక్క ఒక చుట్టు. ఎప్పుడూ తొందరపడదు.

రాజీవ్ ముందు గదిలోంచి ఫోన్ జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. చేతిలో వర్క్ షీట్లున్నాయి. ఒక్కో కంప్యూటరుకి ఒక్కో షీటు. బిగించి, ఆన్ చేసి, మూత వేసినవాళ్లు కింద పేరు రాయాలి. కస్టమరు కార్ల సీట్లు డిజైన్ చేసే కంపెనీ. కారు గుద్దుకుంటే సీటు ఎలా వంగుతుందో లెక్కగట్టే ప్రోగ్రామ్ పెట్టగానే, సరిగ్గా ఇరవై నిమిషాలకి కంప్యూటర్లు వేడెక్కి వాటంతటవే ఆగిపోతున్నాయట. ఒకటి కాదు, పన్నెండూ. రాజీవ్ గొంతు పెంచకుండా ఇదంతా చెప్పి, షీట్లని పేకముక్కల్లా విప్పి పట్టుకున్నాడు. అన్నింటి కిందా ఒకటే పేరు. చాముండేశ్వరి అని విడివిడి అక్షరాల్లో, ఇంగ్లీషులో.

"కూలర్ కింద పెట్టే ఆ పోస్టుల సంగతి నేను ఆ రోజే చెప్పాను రాజీవ్," అంది చాముండేశ్వరి.

"పోస్టులు కాదాంటీ. బిగించడం." అతను షీట్లని మళ్లీ దగ్గరికి చేర్చాడు. "మీకు చూపు ఆనట్లేదేమో. మీ తప్పని అనట్లేదు. వయసు. ఇంక మీరు ఇంటి దగ్గర రెస్ట్ తీసుకోండి."

ఆవిడకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. రేపట్నుంచి రావొద్దనా అని అడిగింది. ఇవాళ్టి నుంచే అన్నాడు, కస్టమరుకి ఏదో ఒక యాక్షన్ చూపించాలి కదా అన్నాడు. అప్పుడు చాముండేశ్వరి శ్రీవిద్య వైపు చూసింది. అడగడంలా లేదు, బతిమాలడంలా లేదు. అక్కడ ఇంకో మనిషి ఉందా అని చూసినట్టు చూసింది. శ్రీవిద్య కిందికి వంగి ఒక పెట్టె టేపు ఊడదీయడం మొదలుపెట్టింది.

వంగే ఉండి అన్నీ విన్నది. చాముండేశ్వరి తన టేబుల్ దగ్గరికి వెళ్లి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు ట్యూబుకి మూత పెట్టింది. తుడిచే గుడ్డని నాలుగు మడతలు వేసింది. డ్రాయరు తీసి, మళ్లీ మూసింది. వెనక తలుపు తెరుచుకుని చల్లగాలి కాళ్లకి తగిలింది, మళ్లీ మూసుకుంది.

రాజీవ్ లోపలికి వెళ్లబోతూ శ్రీవిద్య పక్కన ఆగాడు. "దివాకర్ పేపర్లు ఈ వారం సైన్ చేసేద్దాం. ముందు ఇవి అవనివ్వండి," అన్నాడు.

దివాకర్ ఆమె భర్త. ఉద్యోగం పోయి ఆ రోజుకి ముప్పై ఎనిమిది రోజులు. అరవై రోజుల లోపల వేరే కంపెనీ ఏదైనా అతని పేరు మీద హెచ్-వన్ వీసా పిటిషన్ వేయకపోతే కూతురితో సహా ముగ్గురూ దేశం వదలాలి. అతన్ని తన కంపెనీలోకి తీసుకుంటానన్నది రాజీవ్ ఒక్కడే. లాయరు పేపర్లన్నీ తయారుచేసి పంపాడు. రాజీవ్ సంతకం ఒక్కటే మిగిలింది.

మంగళవారం మొదటి కంప్యూటరు పక్క తలుపు విప్పింది శ్రీవిద్య. ఫ్యాను వైరు లాగింది. ఫ్యానుని రేకులకి పట్టి ఉంచే తీగ కొక్కేలు తప్పించి ఫ్యాను పక్కన పెట్టింది. రెండు స్క్రూలూ వదులు చేసింది. రెండూ సమానంగానే బిగించి ఉన్నాయి. రెండింటికీ అన్నే చుట్లు. కూలర్‌ని కొంచెం అటూ ఇటూ తిప్పి పైకెత్తింది. మామూలుగా అయితే పేస్టు పట్టుకుని లాగుతుంది, ఊడి రానంటుంది. ఇది గిన్నె మీద మూతలా వచ్చేసింది.

అడుగు తిప్పి చూసింది. ప్రాసెసర్ నడిమధ్యన చాముండేశ్వరి పెట్టిన పేస్టు, శనగగింజంత చుక్క, ఇంకా చుక్కలాగే ఉంది. సరిగ్గా ఒత్తుకుని ఉంటే రాగి మీద పల్చగా అంతటా పరుచుకునేది. ఇక్కడ పైన కొంచెం చప్పబడింది, అంతే. కూలర్ ప్రాసెసర్‌ని తాకింది కానీ దాని మీద కూర్చోలేదు.

ఎందుకో ఆమెకి తెలుసు. అయినా కొత్త పోస్టుల పెట్టె తెచ్చింది. కూలర్ బరువుని మోసేవి ఈ నాలుగు పోస్టులే, మదర్‌బోర్డులోకి దిగే చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్కలు. కొత్త రకం ప్రాసెసర్లు పాతవాటికన్నా కాస్త కిందికి కూర్చుంటాయి, కాబట్టి పోస్టులూ పొట్టివి కావాలి. కంప్యూటర్లోంచి ఒకటి విప్పి, కొత్తదాని పక్కన నిలబెట్టింది. దాదాపు మిల్లీమీటరు తేడా. వేలి కొస రెంటి మీదుగా పోనిస్తే మెట్టులా తగిలింది.

కంప్యూటర్లు పంపించిన ఆ గురువారం, కొత్త పోస్టులు ఇంకా రాలేదు. మర్నాడొస్తాయన్నారు. ట్రక్కు నాలుగింటికి వస్తోంది, పాతవే పెట్టేయమన్నాడు రాజీవ్, హోల్స్ సేమే కదా అన్నాడు. చాముండేశ్వరి చేతిలో పోస్టు పట్టుకుని, సందు ఉండిపోతుంది, పైకి బిగిసినట్టే ఉంటుంది కానీ లోపల తగలదు అని చెప్పింది. కనీసం గంటసేపు లోడు పెట్టి, అంటే పెద్ద ప్రోగ్రామ్ నడిపి, చూద్దామంది. టైం లేదు, అయిదు నిమిషాలు ఆన్ చేసి ప్యాక్ చేయమన్నాడు. శ్రీవిద్య అప్పుడు పక్క టేబుల్ దగ్గరే ఉంది. అయిదు కూలర్లు ఆమే బిగించింది. రెండున్నరకి లాయరుతో కాల్ ఉందనీ, దివాకర్ అందులో ఉంటే స్కూలు నుంచి కూతురు నైనికని తెచ్చేవాళ్లు లేరనీ చెప్తే, నువ్వెళ్లు, ఇవి నేను మూసేస్తాలే అంది చాముండేశ్వరి. మూత వేసినవాళ్లే పేరు రాయాలి. అలా పన్నెండింటి మీదా ఆవిడ పేరే పడింది.

శ్రీవిద్య ఇంకోటి విప్పింది, ఇంకోటి విప్పింది. మూడోది తను బిగించిందే. తను పేస్టుని చుక్కలా కాక అడ్డంగా గీతలా పెడుతుంది. గీత గీతలాగే ఉంది.

స్పిరిట్‌తో పేస్టు తుడిచి, పాత పోస్టులు తీసి, కొత్తవి ఎక్కించి, మళ్లీ పేస్టు పెట్టి, కూలర్ దించి, ఒక పక్క ఒక చుట్టు, రెండో పక్క ఒక చుట్టు. బిగించాక గంటసేపు లోడు మీద నడిపింది. వేడి పెరిగి ఒకచోట ఆగి, అక్కడే నిలబడింది. సాయంత్రానికి మూడయ్యాయి. విప్పిన పోస్టులు పన్నెండూ పారేయకుండా, కొత్తదొకటి కలిపి, టూల్ పౌచ్‌లో వేసుకుంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది.

బుధవారం మధ్యాహ్నం రాజీవ్ ఒక కాగితం తెచ్చి కీబోర్డు మీద పెట్టాడు. కస్టమరుకి పంపే రిపోర్టు. తిరిగొచ్చిన కంప్యూటర్లని టెక్నీషియన్ విప్పి పరీక్షించారనీ, మొదట బిగించిన వ్యక్తి స్క్రూలు సమానంగా బిగించకపోవడమే కారణమనీ, ఆ వ్యక్తిని తొలగించామనీ ఉంది. కింద శ్రీవిద్య పేరు, సంతకానికి గీత.

రెండుసార్లు చదివింది. స్క్రూలు సమానంగానే ఉన్నాయని చెప్పింది, చాలా మెల్లగా. రాజీవ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అతనికి కోపం లేదు, అలసటగా ఉన్నాడు. పోస్టులని రాస్తే పార్ట్స్ లేకుండా పంపామని ఒప్పుకున్నట్టవుతుందనీ, ఈ కస్టమర్ పోతే కంపెనీ మూసుకోవాలనీ, మూసిన కంపెనీ ఎవరి పిటిషనూ వేయలేదనీ వరసగా చెప్పాడు. ఆంటీది ఎలాగూ అయిపోయిందన్నాడు. "ఆవిడకి గ్రీన్ కార్డ్ ఉంది శ్రీవిద్య గారూ. మీకు లేదు," అన్నాడు.

అది బెదిరింపులా అనలేదు. లెక్క చెప్పినట్టు అన్నాడు. శ్రీవిద్య పెన్ను తీసుకుని గీత మీద సంతకం పెట్టింది. అతను కాగితం తీసుకుని, థాంక్స్ చెప్పి వెళ్లాడు. ఆమె నాలుగో కంప్యూటర్లోంచి ఫ్యాను విప్పబోయింది. తీగ కొక్కెం జారి వేలికి గుచ్చుకుంది. నెత్తురు రేకుల మీద పడకుండా చెయ్యి పక్కకి తీసి, టిష్యూ చుట్టుకుని, పని కానిచ్చింది.

గురువారం సాయంత్రానికి ఏడు పూర్తయ్యాయి. ఎనిమిదోది సగంలో ఉంది. శుక్రవారం ఆ ఏడూ తీసుకెళ్లి ఇచ్చేద్దామని రాజీవ్ చెప్పాడు. శ్రీవిద్య చాముండేశ్వరి డ్రాయరు తెరిస్తే, ఆవిడ దగ్గర చూపు కళ్లజోడూ సొంత స్క్రూడ్రైవర్ల సెట్టూ అందులోనే ఉన్నాయి. ఒక కవర్లో వేసుకుని, ఇంటికెళ్లే దారిలో ఆవిడ అపార్ట్‌మెంట్ దగ్గర ఆగింది.

చాముండేశ్వరి తలుపు తీసి, రా అంది. ఒక్కతే ఉంటుంది, కూతురు డాలస్‌లో. టీవీ ఆడుతోంది, సౌండ్ మాత్రం లేదు. కుక్కర్ ఆపి వచ్చి, టీ పెట్టనా అంది. వద్దంది శ్రీవిద్య. కవరు టేబుల్ మీద పెట్టింది. చాముండేశ్వరి కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడిచి పెట్టుకుని, స్క్రూడ్రైవర్లు అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. ఈ నెలాఖరుతో ఇన్సూరెన్స్ పోతుందట, బీపీ డాక్టరు అపాయింట్‌మెంట్ ముందుకి జరపమని పొద్దుటినుంచి ఫోన్ చేస్తున్నానని చెప్పింది. ఎవరినీ ఏమీ అనలేదు.

శ్రీవిద్య ఏదో చెప్పబోయింది. ఆ రోజు నేను, అని మొదలుపెట్టి ఆగిపోయింది.

"నిన్న ఆ కస్టమర్ల నుంచి ఫోనొచ్చింది," అంది చాముండేశ్వరి. "డయాన్ అని, వాళ్ల ఇంజనీరు. షీట్ల మీద నా పేరు చూసి, నంబరు ఎక్కడో సంపాదించిందట. రిపోర్టు చదివి వినిపించింది. కింద నీ పేరుందంది."

శ్రీవిద్య తల వంచుకుంది.

"ఏమైందో చెప్పమంది. నేను చెప్పలేదు."

"ఎందుకాంటీ?"

"నేను చెప్తే తప్పించుకోడానికి చెప్తున్నాననుకుంటుంది. విప్పి చూసింది నువ్వు. విప్పినావిడ్నే అడగమన్నాను." కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. "దివాకర్ సంగతి నాకు తెలుసు. నీకేం చెప్పాలో నేను చెప్పను. అది నువ్వు చూసుకో."

తలుపు దాకా వచ్చి, మెట్ల మీద మంచు కట్టింది, రెయిలింగ్ పట్టుకుని దిగమంది.

డయాన్‌కి యాభై దాటి ఉంటాయి. కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని, రిపోర్టు చేత్తో పట్టుకుని ఉంది. శుక్రవారం పదకొండింటికి వాళ్ల ల్యాబ్‌లో రాజీవ్, శ్రీవిద్య వ్యానులో తెచ్చిన ఏడు కంప్యూటర్లనీ బల్ల మీద పెట్టించి, ఒకదాన్ని ఆన్ చేసి ప్రోగ్రామ్ నడిపించింది. ఇరవై నిమిషాలు దాటింది, ముప్పై దాటింది. ఆగలేదు. రాజీవ్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, జరిగినదానికి సారీ చెప్పి, ఇంక ఇలాంటిది జరగదన్నాడు.

డయాన్ రిపోర్టు బల్ల మీద పెట్టింది. తనకొక విషయం అర్థం కావట్లేదంది. మనిషి చేతి తప్పయితే ఒకటి పది నిమిషాలకి ఆగాలి, ఒకటి గంటకి ఆగాలి, రెండు మూడు అసలు ఆగకూడదు. పన్నెండూ ఇరవయ్యో నిమిషానికే ఎలా ఆగాయి? ఒకే మనిషి, ఒకే అలవాటు అన్నాడు రాజీవ్. డయాన్ తలూపింది కానీ అతని వైపు చూడట్లేదు.

"వీటిని విప్పింది మీరే కదా," అని శ్రీవిద్యని అడిగింది. "లోపల ఏం చూశారు?"

ల్యాబ్‌లో కంప్యూటర్ల ఫ్యాన్లన్నీ ఒకేసారి తిరుగుతున్న హోరు. శ్రీవిద్యకి ఆ క్షణంలో గుర్తొచ్చినవాళ్లు చాముండేశ్వరి కాదు, దివాకర్ కాదు. పొద్దున్న నైనిక కారు దిగుతూ, వచ్చే నెల సైన్స్ ఫెయిర్‌కి పేరు ఇవ్వనా అని అడిగింది. ఇవ్వు అంది తను. వచ్చే నెలకి ఇక్కడ ఉంటారో లేదో తెలియకుండా ఎందుకంది?

టూల్ పౌచ్ జిప్ తీసింది. రాజీవ్ ఆమె పేరు పిలిచాడు, మామూలుగానే. ఆమె పాత పోస్టొకటి, కొత్త పోస్టొకటి తీసి, రిపోర్టు కాగితం మీదే పక్కపక్కన నిలబెట్టింది. డయాన్ కళ్లజోడు కిందికి దించుకుని వంగింది. చాలాసేపు అలాగే వంగి చూసింది.

తను మాట్లాడింది ఇంగ్లీషులో, తడుముకుంటూ. మేం పెట్టింది ఈ పొడుగుది, పెట్టాల్సింది ఈ పొట్టిది. ఆ రోజు మా దగ్గర పొట్టివి లేవు. చాముండేశ్వరి గారు వద్దని చెప్పారు. పన్నెండింటిలో అయిదు నేను బిగించినవే, షీట్ల మీద ఆవిడ పేరుంది కానీ. ఈ రిపోర్టులో సంతకం నాది. ఇందులో రాసింది నిజం కాదు.

చివరి మాట అన్నాక టూల్ పౌచ్ జిప్ మూసింది. రెండు పోస్టులూ తను ఉంచుకోవచ్చా అని అడిగింది డయాన్.

వ్యానులో తిరిగొస్తుంటే ట్వెల్వ్ మైల్ రోడ్డు సిగ్నల్ దగ్గర, ఎర్ర లైటు వైపు చూస్తూ, సోమవారం నుంచి రావొద్దన్నాడు రాజీవ్. లాయరుకి తనే చెప్తానన్నాడు. పచ్చ లైటు పడ్డాక, "ఇంట్లో వాళ్ల గురించి ఒక్క నిమిషం ఆలోచించాల్సింది," అన్నాడు. అందులోనూ కోపం లేదు. నిజంగానే ఆమె మీద జాలిపడుతున్నట్టు ఉంది. అది ఆమెకి ఇంకా కష్టంగా తోచింది.

దివాకర్ వంటింట్లో నిలబడి వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఉద్యోగం పోయినప్పట్నుంచి సాయంత్రం వంట అతనే చేస్తున్నాడు. ఆమె కోటు విప్పకుండానే చెప్పింది. మొదటినుంచి చివరిదాకా, సంతకంతో సహా. అతను వింటూ ఒలుస్తూనే ఉన్నాడు. అయిపోయాక, పిటిషన్ మీద సంతకం పెట్టాడా లేదా అని అడిగాడు. లేదంది.

"ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి," అన్నాడు. ఇంకో రెండు రెబ్బలు ఒలిచాక అన్నాడు: "ఆ చెప్పేదేదో రెండు వారాలు ఆగి చెప్పలేకపోయావా?"

ఆమె ఆగి చెప్పి ఉండొచ్చు. డయాన్ అడిగినప్పుడు, చూసి చెప్తానని ఉండొచ్చు. రెండు వారాల్లో సంతకం అయిపోయేది. చాముండేశ్వరి ఇన్సూరెన్స్ ఈ నెలాఖరు దాకా ఎలాగూ ఉంది. ఇవన్నీ వ్యానులోనే తట్టాయి. దివాకర్ ఒలిచిన వెల్లుల్లిని గిన్నెలో వేసి, చేతులు కడుక్కుని, ల్యాప్‌టాప్ తీసుకుని పడగ్గదిలోకి వెళ్లాడు. పప్పు ఆమే తాలింపు పెట్టింది. నైనిక తినడానికి వచ్చి, డాడ్ రాడా అని అడిగింది. తర్వాత తింటాడని చెప్పింది.

శనివారమంతా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. దివాకర్ తెలిసినవాళ్లందరికీ రెజ్యూమె పంపాడు. జెర్సీ సిటీలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు సోమవారం మాట్లాడతామన్నారు. మాట్లాడతామన్నవాళ్లు అంతకుముందూ ముగ్గురున్నారు. ఆదివారం పొద్దున్న అతను లాయరుకి మెయిల్ రాస్తూ, విజిటర్ వీసాకి మార్చుకుంటే ఎన్నాళ్లు ఉండనిస్తారని ఆమెనే అడిగాడు. మాట కలపడానికి అడిగాడని తెలిసి ఆమె పక్కన కూర్చుని స్క్రీన్ చూసింది. ఇద్దరికీ తెలియలేదు.

ఆదివారం సాయంత్రం శ్రీవిద్య ఆరిన బట్టలు మడత పెడుతుంటే ఫోన్ మోగింది. చాముండేశ్వరి.

రాజీవ్ మధ్యాహ్నం ఇంటికొచ్చాడని చెప్పింది. ఆర్డరు పూర్తిగా పోకుండా ఉండాలంటే మిగిలిన అయిదూ బుధవారానికి అందాలన్నారట కస్టమర్లు. ఈసారి పనికి చాముండేశ్వరినే పెట్టమని డయాన్ రాసిందట. రాజీవ్ సారీ చెప్పాడా అంటే, ఆ మాటైతే అనలేదు, పళ్లు తెచ్చాడంది.

"రేపట్నుంచి రమ్మన్నాడు."

శ్రీవిద్య చేతిలో నైనిక స్వెట్టరు ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

"వెళ్తున్నాను విద్యా," అంది చాముండేశ్వరి. "వెళ్లనంటే బాగుండేది. నాకూ తెలుసు. నీ విషయం ఎత్తాను. అది అయిపోయిందాంటీ, వదిలేయండి అన్నాడు. మళ్లీ ఎత్తలేదు నేను."

థాంక్స్ అనలేదు ఆవిడ, శ్రీవిద్య ఎదురుచూడనూలేదు. పక్క గదిలో దివాకర్ ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు, మర్యాదగా, ప్రతి వాక్యానికీ థాంక్యూ చెప్తూ.

"వెళ్లండాంటీ," అంది శ్రీవిద్య. "వెళ్లకపోతే ఎలా?"

"ఎనిమిదోది ఎంతవరకొచ్చింది? రాజీవ్‌కి తెలియదంటున్నాడు."

శ్రీవిద్య స్వెట్టరు పక్కన పెట్టి, కళ్లు మూసుకుని టేబుల్‌ని గుర్తు తెచ్చుకుంది. ఎనిమిదో దాంట్లో పాత పోస్టులు తీసేశాను, కొత్తవి రెండే ఎక్కించాను అని చెప్పింది. పేస్టు తుడిచాను కానీ కూలర్ అడుగు ఇంకా తుడవలేదు. దాని ఫ్యాను నా టేబుల్ కింది అరలో, నీలం ట్రేలో ఉంది. తొమ్మిది నుంచి పన్నెండు దాకా ముట్టుకోలేదు. స్పిరిట్ సీసా అడుగంటింది, కొత్తది అడగండి. అటువైపు చాముండేశ్వరి ఒక్కోదానికీ ఊ కొడుతూ రాసుకుంటోంది. రాయడం అయ్యేదాకా ఆగి, శ్రీవిద్య తర్వాతది చెప్పింది.

"పదకొండో దానికి పక్క తలుపు వంగిపోయి ఉంది. గట్టిగా లాగితే చెయ్యి కోసుకుంటుంది. అది మాత్రం మెల్లగా తీయండాంటీ," అంది.